అద్దం మీద పది సెంటీమీటర్లు

మాఘమాసం ముహూర్తాల్లో అనకాపల్లి జిల్లాలోని మా చోడవరంలో ఒక పెళ్ళికారు ముందు సీట్లో కూర్చుని విడిదింటికి వెళ్ళాను. బానెట్ మీద బంతిపూల దండలు. అక్కణ్ణుంచి ముందద్దం నడుమకు పాకిన గులాబీల గుత్తి. అద్దం పైఅంచున ఈ కొసనుంచి ఆ కొసకు దేవుడి పేరున్న పట్టీ. వెనకద్దం మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతుళ్ళ పేర్లు. పెళ్ళివారి సంబరాన్ని ఎవరు కాదంటారు? నేనూ అనలేదు. చీకటి పడ్డాక బీఎన్ రోడ్డు మలుపులో మా డ్రైవరు మెడ సాచి, గుత్తికి అటోసారి ఇటోసారి తొంగిచూశాడు. చూస్తూనే బ్రేకు మీద నిలబడ్డాడు. ముందు చెరకు ట్రాక్టరు. తొట్టికి వెనక లైటు లేదు, గడలు మాత్రం బయటికి వేలాడుతున్నాయి. కారు ఆగేసరికి ఆ గడలకీ మా బానెట్‌కీ మధ్య ఒక బారెడు దూరం మిగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. డ్రైవరు కిందికి దిగి, ఎవరినీ అడక్కుండా ఆ గుత్తి ఊడబీకి పెళ్ళికూతురి అమ్మమ్మ ఒళ్ళో పెట్టి, మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాడు.

ఆ గుత్తి వెడల్పు జానెడు కూడా లేదు. అంత చిన్నది అంత పెద్ద తొట్టిని ఎలా దాచింది? ఆ రాత్రంతా అదే ఆలోచన.

మర్నాడు పొద్దున్న ఆగివున్న కారులో డ్రైవరు సీట్లో కూర్చుని టేపు పెట్టి కొలిచాను. నా కంటికీ ముందద్దానికీ మధ్య 70 సెంటీమీటర్లు. శుభలేఖ అట్టను 10 సెంటీమీటర్ల వెడల్పున కత్తిరించి, నా చూపు పడేచోట అద్దానికి అంటించాను. మా తమ్ముడి కొడుకుని 30 మీటర్ల అవతల మోటారుసైకిలు మీద కూర్చోబెట్టి, మెల్లగా పక్కకు నడపమన్నాను. అట్ట చాటుకి రాగానే బండి, వాడు, వాడి ఎర్రచొక్కా అంతా మాయం. “పెదనాన్నా, కనబడతన్నానా?” అన్న అరుపొక్కటే వినబడింది.

ఇందులో కనికట్టేమీ లేదు. 30 మీటర్లంటే 3,000 సెంటీమీటర్లు. దాన్ని 70తో భాగిస్తే సుమారు 43. అంటే కంటికి 70 సెంటీమీటర్ల దూరంలో ఉన్న వస్తువు, 30 మీటర్ల అవతల తనకు 43 రెట్లున్న చోటును కప్పేస్తుంది. ఒక కన్ను మూసుకుని చూస్తే ఆ 10 సెంటీమీటర్ల అట్ట చాటున 4.3 మీటర్ల రోడ్డు పోయినట్టే. రెండు కళ్ళూ తెరిస్తే కొంత దక్కుతుంది. మన రెండు కళ్ళ మధ్య ఎడం సుమారు 6.5 సెంటీమీటర్లు కాబట్టి, ఎడమకంటికి మరుగైన దాంట్లో కొంత కుడికంటికి దొరుకుతుంది. అది తీసేసినా ఒకటిన్నర మీటర్లకు పైగా రెండు కళ్ళకీ కనబడకుండా పోతుంది. మోటారుసైకిలు హ్యాండిలు ఈ కొసనుంచి ఆ కొసకు 80 సెంటీమీటర్ల లోపే. రెండు బండ్లు పక్కపక్కన వస్తున్నా ఆ చాటున దాదాపు సరిపోతాయి.

అట్టను సగానికి, అంటే 5 సెంటీమీటర్లకు కత్తిరించి మళ్ళీ చూశాను. ఈసారి బండి ఎక్కడా పూర్తిగా మాయం కాలేదు. మసకగా, రెండు బొమ్మలు ఒకదానిమీదొకటి పడ్డట్టుగా అయినా కనబడుతూనే ఉంది. కళ్ళ మధ్య ఎడంకన్నా సన్నగా ఉన్నది దూరపు వస్తువును రెండు కళ్ళ నుంచీ ఒకేసారి దాచలేదు. అదే 15 సెంటీమీటర్లయితే 30 మీటర్ల దూరంలో 3.7 మీటర్లు పోతాయి. హైవేల మీద ఒక లేను వెడల్పు 3.5 మీటర్లు. పెళ్ళికారు గులాబీల గుత్తి ఇంచుమించు ఆ కొలతే. ట్రాక్టరు తొట్టి ఎక్కడికి పోయిందో నాకు అప్పుడు తెలిసింది.

కళ్ళు పక్కపక్కన ఉన్నాయి గాని ఒకదానిమీదొకటి లేవు. అందుచేత ఎత్తు విషయంలో ఆ 6.5 సెంటీమీటర్ల మినహాయింపు మనకి లేదు. అద్దం పైఅంచున అతికించే పట్టీ 6 సెంటీమీటర్ల ఎత్తుంటే, అది 30 మీటర్ల అవతల రెండున్నర మీటర్ల ఎత్తును కప్పుతుంది. పొడుగాటి మనిషి సీటు పైకి జరుపుకుని కూర్చుంటే, ఆ పట్టీ చాటున పోయేవి ట్రాఫిక్ సిగ్నళ్ళు, దారి చూపే బోర్డులు.

ఇప్పుడు కారుని కదిలిద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. ఆ 30 మీటర్లూ 1.8 సెకన్లలో అయిపోతాయి. ఏదో అడ్డొచ్చిందని కన్ను పట్టుకుని, కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికి మామూలు మనిషికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, అప్పటికే 25 మీటర్లు గడిచిపోతాయి. బ్రేకు పనిచేయడానికి మిగిలేది 5 మీటర్లు. చాటున పోయింది అర సెకనే అయినా, ఆ అర సెకను ఎక్కణ్ణుంచీ తెచ్చుకోలేం.

ఇంతకంటే దొంగతనంగా దెబ్బతీసేది మరొకటుంది. మనం ఒక రోడ్డు మీద వెళుతుంటే, పక్క ఊరి రోడ్డులోంచి ఒక బండి అదే కూడలికి వస్తోందనుకోండి. ఇద్దరం ఒకే సమయానికి కూడలి చేరే లెక్కలో ఉంటే, ఆ బండి మన అద్దంలో ఒకేచోట నిలబడ్డట్టు ఉంటుంది. పక్కకు జరగదు, దగ్గరయ్యేకొద్దీ పెద్దదవుతుందంతే. అది కనబడేచోట స్టిక్కరుంటే దాదాపు చివరిదాకా ఆ చాటునే వస్తుంది. ఢీకొట్టిన తర్వాత చాలామంది డ్రైవర్లు అనే మాట “ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలీలేదు” అనే. వాళ్ళందరూ అబద్ధమాడుతున్నారని నేననుకోను.

ఆ చాటున పట్టేవాళ్ళెవరు? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవారు, 19.5 శాతం నడిచి వెళ్ళేవారు. నూటికి 64 మంది. 30 మీటర్ల దూరంలో పది సెంటీమీటర్ల స్టిక్కరు చాటుకి లారీ సరిపోదు, బస్సు సరిపోదు. సరిపోయేది వీళ్ళే.

70, 50, ఒక గుణకారం

ఇక చట్టం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 100వ నిబంధన వాహనాల అద్దాల గురించే. ముందద్దం, వెనకద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలి. పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం. అమ్మినప్పుడు ఉంటే చాలదు, వాహనం తిరిగినన్నాళ్ళూ అద్దాన్ని ఆ స్థితిలోనే ఉంచాలని నిబంధన. అద్దం నాణ్యతకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2553, రెండో భాగం. వెలుతురు దూరే ఈ శాతాన్నే ఫిల్మ్ అంటించే షాపుల్లో వీఎల్‌టీ అంటారు.

షాపులో “ఇది 70 పర్సంట్ ఫిల్మ్ సార్, రూలుకి సరిపోద్ది” అన్నప్పుడు మనం పొరబడేది ఇక్కడే. 70 శాతం ఫిల్ముది. అద్దం కూడా కొంత వెలుతురును తినేస్తుంది. కంపెనీ నుంచి వచ్చిన అద్దం వీఎల్‌టీ 75 అనుకుందాం. దానిమీద 70 ఫిల్మ్ వేస్తే మిగిలేది 70 కాదు. 0.75ని 0.70తో గుణించాలి: 52.5 శాతం. పక్క అద్దానికి అంచుమీద నిలుస్తుంది. ముందద్దానికి తప్పిపోతుంది. ముందద్దం 70కి తగ్గకుండా ఉండాలంటే ఆ ఫిల్ము ఒక్కటే 93 శాతానికి పైగా వెలుతురును వదలాలి. అంటే ఉందో లేదో తెలియనంత తెల్లటి ఫిల్ము. అదే 75 అద్దం మీద 50 ఫిల్మ్ వేస్తే మిగిలేది 37.5. నల్లటి 20 ఫిల్మ్ వేస్తే 15.

పగలు 15 శాతం కూడా పెద్ద ఇబ్బందిగా అనిపించదు, ఎండ అంత ధారాళంగా ఉంటుంది కాబట్టి. రాత్రి వీధి దీపం లేని రోడ్డులో, లుంగీ కట్టుకుని సైకిలు తొక్కుకుంటూ ఇంటికెళ్ళే మనిషి మీంచి మన దాకా వచ్చే వెలుతురే చిటికెడు. అందులో ఎనభై అయిదు పాళ్ళు మనమే డబ్బిచ్చి ఆపేస్తున్నాం. వయసు లెక్క కూడా కలుపుకోవాలి. అరవై ఏళ్ళవాళ్ళ కంటిపాప అంతగా విచ్చుకోదు, కంటి కటకం పసుపు బారుతుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడి కంటి లోపలికి చేరే వెలుతురులో సుమారు మూడో వంతే వాళ్ళకి చేరుతుంది. కొడుకు ముచ్చటపడి వేయించిన నల్ల ఫిల్ముతో రాత్రి కారు నడిపేది తండ్రయితే, ఆ మూడో వంతులోంచి మళ్ళీ కోత.

వెనకద్దం నిండా హీరో బొమ్మో, జెండానో, దేవుడో ఉన్న కార్లు చూస్తుంటాం. బయటికి బొమ్మ, లోపలికి చూపు. దాన్ని వన్‌వే విజన్ అంటారు. బస్సుల మీద ప్రకటనలు ఇలాంటి దానిమీదే వేస్తారు. వినైల్ షీటుకు సన్నటి చిల్లులుంటాయి, బొమ్మ చిల్లులు కాని చోట ఉంటుంది. చిల్లుల వాటా సగం ఉన్న రకమైతే దానిగుండా వెలుతురు వచ్చేది సగమే. అద్దం కోత కూడా కలిపితే నలభై లోపు. వెనకద్దానికి కావలసింది 70. “లోపల్నుంచి బాగానే కనబడుతోంది కదా” అన్నది ఎండపూట నిజమే. వాన పడితే ఆ చిల్లుల్లో నీళ్ళు నిలిచి చూపు చెదిరిపోతుంది. చాలా కార్లలో వెనకద్దం లోపల పైభాగాన మూడో బ్రేకు లైటు ఉంటుంది. బొమ్మ దాన్ని కూడా మూసేస్తే వెనకొచ్చేవాడికి మనం ఆగుతున్నామన్న కబురు ఆలస్యంగా అందుతుంది. స్టిక్కరు వేయించే ముందు ఎవరూ చూసుకోనిది ఇదే.

2012 మే 4

నల్ల ఫిల్ముల మీద దేశమంతటా పోలీసులు ఒక్కసారిగా పడిన సంవత్సరం 2012. అవిషేక్ గోయెంకా అనే పౌరుడు వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద సుప్రీంకోర్టు ఆ ఏడాది ఏప్రిల్ 27న తీర్పు ఇచ్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా, జస్టిస్ ఎ.కె. పట్నాయక్, జస్టిస్ స్వతంత్ర కుమార్ ఆ ధర్మాసనంలో ఉన్నారు. నల్ల ఫిల్ముల చాటున కార్లలో జరుగుతున్న నేరాలు ఒక కారణం, చూపు తగ్గి జరిగే ప్రమాదాలు మరో కారణం. 70, 50 అన్న అంకెలు కంపెనీ తయారుచేసే అద్దానికే గాని తర్వాత అంటించుకునే ఫిల్ముకు కాదని కోర్టు తేల్చింది. ఏ శాతం ఫిల్మయినా, మరే ఇతర పదార్థమైనా ముందు, వెనక, పక్క అద్దాల మీద అంటించకూడదని ఆదేశించింది. అమలు మే 4 నుంచి. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవారి వాహనాలకు మాత్రం మినహాయింపు. ఆగస్టులో కొందరు సడలింపు కోరితే కోర్టు ఒప్పుకోలేదు.

“మరే ఇతర పదార్థమైనా” అన్న ఆ మాటను గుర్తుపెట్టుకోవాలి. పక్క అద్దాలకు రబ్బరు బుడిపెలతో అంటించే నల్లటి వల తెరలు, అద్దం లోపల వేసే కర్టెన్లు, పెద్ద స్టిక్కర్లు అన్నీ ఆ మాట కిందికి వస్తాయి. పోలీసు ఆపితే “ఇది ఫిల్ము కాదండీ, తెర” అన్న వాదన నిలవదు.

తర్వాత కథ కొంచెం మలుపు తిరిగింది. 2020లో కేంద్రం 100వ నిబంధనను సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి సేఫ్టీ గ్లాస్‌తో పాటు సేఫ్టీ గ్లేజింగ్ అన్న మాటను చేర్చింది. లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దాలు కూడా అందులోకి వస్తాయి. దీని ఆధారంగా 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టులో జస్టిస్ ఎన్. నగరేశ్, 70, 50 శాతాలకు తగ్గకుండా ఉంటే ఫిల్ము వేసుకోవచ్చని, అలాంటి వాహనాలకు జరిమానా వేయకూడదని తీర్పిచ్చారు. ఆ తీర్పు కాగితం చూపించి మన దగ్గర కూడా ఫిల్ములు అమ్ముతున్నారు. అది కేరళ హైకోర్టు తీర్పు. అక్కడి పోలీసులను కట్టడి చేసినట్టు ఇక్కడివాళ్ళను చేయదు. పైగా ఆ తీర్పు కూడా నల్ల ఫిల్ముకు తలుపు తెరవలేదు. 70, 50 అంకెలు అలాగే ఉన్నాయి, పైన చెప్పిన గుణకారమూ అలాగే ఉంది. నా సలహా అడిగితే, కొత్త కారుకి ఫిల్ము వద్దు. వేయించుకుని తీరాలనుకునేవాళ్ళు అద్దం, ఫిల్ము కలిపి మీటరుతో కొలిచి చూపించమని షాపులోనే అడగండి. ఫిల్ము అట్టపెట్టె మీది అంకెను నమ్మకండి.

జరిమానా మోటారు వాహనాల చట్టం 177వ సెక్షను కింద పడుతుంది. 2019 సెప్టెంబరు 1కి ముందు అది తొలి తప్పుకు 100 రూపాయలు, మళ్ళీ చేస్తే 300. సవరణ తర్వాత 500, 1,500 అయ్యాయి. అక్కడికక్కడ కట్టించుకునే మొత్తాన్ని ఏ రాష్ట్రానికారాష్ట్రం నిర్ణయిస్తుంది. ఫిల్మును అక్కడే పీకించే అధికారం కూడా పోలీసులకుంది. వేలు పోసి వేయించుకున్న ఫిల్మును రోడ్డుపక్కన బ్లేడుతో గీకించుకోవడమే చాలామందికి అసలు జరిమానా.

అద్దం మీద ఉండాల్సినవి

చట్టమే ముందద్దం మీద అంటించమనే స్టిక్కర్లు రెండున్నాయి.

మొదటిది, ముందు వెనక నంబరు ప్లేట్లకు తోడుగా ఉండే మూడో రిజిస్ట్రేషన్ గుర్తు. 2019 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త కార్లకు, ముందద్దం లోపల ఎడమవైపు పైమూలన రంగు స్టిక్కరు ఉంటుంది. పెట్రోలు, సీఎన్‌జీ కార్లకు లేత నీలం, డీజిలుకు నారింజ, మిగతావాటికి బూడిద రంగు. పీకితే చిరిగిపోయేలా తయారుచేస్తారు. దాని కొలత 100 మిల్లీమీటర్లు, 60 మిల్లీమీటర్లు. అంటే నేను అంటించిన శుభలేఖ అట్ట వెడల్పే. మరి దానివల్ల బండి ఎందుకు మాయం కాదు? మన డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఆ మూల అతని కంటికి దూరం, పైగా పైన ఉంది, ఏటవాలుగా కనబడుతుంది. రోడ్డు మీదికి చూసే చూపు అటు పోదు. కొలత ఒక్కటే అయినా చోటు మారితే ఫలితం మారిపోతుంది.

రెండోది ఫాస్టాగ్. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల టోల్ గేట్ల దగ్గర తప్పనిసరి. అందులో బ్యాటరీ ఉండదు. గేటు మీది రీడరు పంపే రేడియో తరంగాల శక్తితోనే బదులిస్తుంది. అది ముందద్దానికి లోపలివైపు, నడుమ, రియర్‌వ్యూ అద్దం వెనక అంటి ఉండాలి. అక్కడైతే ఆ అద్దమే ఎలాగూ అడ్డంగా ఉంది కాబట్టి కొత్తగా పోయే చూపు లేదు. చోడవరం నుంచి అన్నవరం సత్యదేవుడి దర్శనానికి వెళ్ళేవాళ్ళు అనకాపల్లి దగ్గర పదహారో నంబరు హైవే ఎక్కి, నక్కపల్లి ప్రాంతంలోని వేంపాడు టోల్ గేటు దగ్గర ఆగుతారు. అక్కడ కొందరు ట్యాగును చేత్తో పట్టుకుని అద్దానికి ఆనించి చూపిస్తుంటారు. కావాలని అద్దానికి అంటించని వాహనాల నుంచి రెట్టింపు టోలు తీసుకోవాలని జాతీయ రహదారుల సంస్థ 2024 జులైలో ఆదేశించింది. 2025 జులైలో ఇంకో అడుగు వేసి, అలా చేత్తో చూపించే ట్యాగులను బ్లాక్‌లిస్టులో పెట్టమంది. లోహపు పూత ఉన్న సన్ కంట్రోల్ ఫిల్ము మీద ఫాస్టాగ్ అంటిస్తే రేడియో తరంగాలు సరిగా దూరవు. గేటు తెరుచుకోక వెనకవాళ్ళు హారన్లు కొట్టడానికి ఇదీ ఒక కారణం.

ఈ రెండూ పోగా మిగిలినవన్నీ మన ఇష్టంతో పెట్టుకునేవే. వాటిలో దిష్టి బొమ్మల గురించి ఒక మాట. దిష్టి అన్న మాట దృష్టి నుంచే వచ్చింది. పరాయి చూపు తగలకూడదని అంటించిన బొమ్మ మన చూపుకే అడ్డం కాకూడదు. నిమ్మకాయ, మిరపకాయల దండ బంపరు కింద కట్టే అలవాటు మనకు ఎప్పటినుంచో ఉంది. అది నాకు నచ్చుతుంది. అద్దాన్ని తాకదు. రియర్‌వ్యూ అద్దానికి వేలాడదీసే పూసలు, బొమ్మలు అలా కావు. అవి ఊగుతాయి. కదిలేదాని మీదికి కన్ను తనంతట తానే పోతుంది.

చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి ఊరు. మా ఊళ్ళో కారు కొంటే డ్యాష్‌బోర్డు మీద ఆయన లేకుండా తిప్పేవాళ్ళు అరుదు. కొత్త కార్లలో డ్రైవరు పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. అది డ్యాష్‌బోర్డు ఎడమభాగం లోపలే మడిచి ఉంటుంది. ఢీకొన్న క్షణంలో అది కన్ను రెప్పవేసేలోపు, సెకనులో ముప్పయ్యో వంతు అటూఇటుగా, పేలినట్టు విచ్చుకుంటుంది. దానిమీద రాయి విగ్రహమో లోహపు విగ్రహమో అంటించి ఉంటే అది నేరుగా పక్కనున్న మనిషి ముఖానికి వస్తుంది. స్వామిని డ్యాష్‌బోర్డు నడుమ, ఎయిర్‌బ్యాగు మూతకు దూరంగా కూర్చోబెట్టండి. విగ్రహం చిన్నదై ఉండాలి. కింద పరిచే తెల్లటి లేసు గుడ్డ మాత్రం వద్దు. ఎండలో దాని ప్రతిబింబం ముందద్దం మీద తెల్లగా తేలి రోడ్డును కడిగేసినట్టు చేస్తుంది.

ఎండ సంగతి

ఇంతా చదివాక ఒక తల్లి అడుగుతుంది: మే నెల మధ్యాహ్నం చంటిదాన్ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని విశాఖ ఆసుపత్రికి వెళ్ళాలి, తెర లేకపోతే ఎలా? న్యాయమైన ప్రశ్న. అద్దం మీద పడే సూర్యశక్తిలో కంటికి కనబడే వెలుతురు సగంకన్నా కొంచెం తక్కువ. ఇంచుమించు సగం కంటికి కనబడని పరారుణం, అంటే ఉత్త వేడి. అతినీలలోహితం అయిదు శాతం అటూఇటు. నల్లరంగు ఆపేది ముఖ్యంగా వెలుతురును. కారు చల్లబడాలంటే ఆపవలసింది పరారుణాన్ని. ముందద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరతో లామినేట్ చేసినది కాబట్టి అతినీలలోహితాన్ని దాదాపు మొత్తం అదే ఆపేస్తుంది. పక్క అద్దాలు అంతగా ఆపవు.

అందుచేత ఖర్చులేని పనులు ముందు. ఎక్కడానికి ముందు రెండు వైపులా తలుపులు తీసి రెండు నిమిషాలు ఉంచితే లోపలి వేడిగాలి పోతుంది. బయల్దేరాక మొదటి కిలోమీటరు అద్దాలు దించి ఏసీ వేయాలి. ఆగివున్నప్పుడు ముందద్దానికి వెండిరంగు అట్ట పెట్టుకోవచ్చు. నడిపేటప్పుడు తీసేస్తాం కాబట్టి దానితో పేచీ లేదు. చంటిబిడ్డకు ఎండ పడని వైపు సీటు ఇవ్వాలి. కొత్త కారు కొనేవాళ్ళు కంపెనీయే వేడిని ఆపేలా తయారుచేసిన అద్దాలున్న మోడలు అడగవచ్చు. వాటి శాతం కంపెనీ పూచీ.

పాత స్టిక్కర్లు పీకేవాళ్ళకు ఒక హెచ్చరిక. కొన్ని కార్ల వెనకద్దం మీద అడ్డంగా సన్నటి గీతలుంటాయి. అవి అలంకారం కావు, మంచు కరిగించే విద్యుత్ తీగలు. బ్లేడు పెట్టి గీకితే ఒక గీత తెగుతుంది, ఆ వరస ఇక పనిచేయదు. వంజంగి మేఘాలు చూడటానికి తెల్లవారుజామున మాడుగుల మీదుగా పాడేరు ఘాటు ఎక్కేవాళ్ళకు ఆ గీతల విలువ డిసెంబరులో తెలుస్తుంది. తల ఆరబెట్టుకునే డ్రయ్యరుతో స్టిక్కరును వెచ్చచేసి, ఒక మూల గోటితో లేపి, అద్దానికి ఆనించినట్టుగా మెల్లగా లాగాలి. మిగిలిన జిగురు సబ్బునీళ్ళలో తడిపిన గుడ్డతో పోతుంది.

రేడియం ఎక్కడ వేయాలి

మా వైపు స్టిక్కరు షాపును రేడియం షాపు అనే అంటారు. మెరిసే స్టిక్కరులో రేడియం ఏమీ లేదు. సన్నటి గాజుపూసలో, ముక్కోణపు నగిషీలో తమ మీద పడ్డ వెలుతురును వచ్చినవైపే వెనక్కి పంపుతాయి. పేరు మాత్రం అలా నిలిచిపోయింది. ఆ షాపులో కుర్రాడు ప్లాటరు మీద అక్షరాలు కోసి, అద్దం మీద సబ్బునీళ్ళు చల్లి, ప్లాస్టిక్ పలకతో నీళ్ళు బయటికి తోసే నేర్పు నిలబడి చూడదగ్గది. ఒక బుడగ మిగలదు.

ఆ నేర్పు కారు అద్దం మీద కన్నా చెరకు ట్రాక్టరు తొట్టి వెనక ఎక్కువ అవసరం. చెరకు క్రషింగ్ నడిచే రోజుల్లో రాత్రిళ్ళు మా రోడ్ల మీద తొట్లు, ఎడ్లబండ్లు వరసగా వెళతాయి. లారీల వంటి వాహనాలకు 104వ నిబంధన చెప్పే రంగుల వరస అందరికీ పనికొస్తుంది: ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కల పసుపు. రంగు చూడగానే ఎదురొస్తోందో, మనకంటే ముందు వెళుతోందో, రోడ్డుకి అడ్డంగా ఉందో తెలియాలని ఆ ఏర్పాటు. వేలాడే గడలు కప్పేయకుండా తొట్టి రెండు కొసల్లో కిందికి అతికిస్తే, మన హెడ్‌లైటు పడగానే చాలా ముందునుంచే ఎర్రగా వెలుగుతుంది. ఆ రాత్రి మా ముందున్న తొట్టికి అవి ఉంటే డ్రైవరు గులాబీల పక్కనుంచి అయినా పట్టుకునేవాడు.

  పెళ్ళికార్ల నంబర్లు కూడా పూలచాటునే ఉంటాయి. నంబరు ప్లేటును పూలతోగాని పేర్లతోగాని కప్పడం కూడా తప్పే. ఏదైనా జరిగితే ఆ నంబరే దిక్కు.

మొన్న మా చెల్లెలి కూతురి పెళ్ళికి కారు అలంకరించే పని నేనే మీదేసుకున్నాను. దండలు బానెట్ అంచు దాటనివ్వలేదు. పేర్లు వేసే కుర్రాడు అలవాటుగా వెనకద్దం మీద సబ్బునీళ్ళు చల్లబోతే ఆపి, డిక్కీ తలుపు మీద, అద్దానికి కింద, నంబరు ప్లేటుకి పైన వేయమన్నాను. అక్కడ చోటు 30 సెంటీమీటర్లే. “అచ్చరాలు సిన్నవైపోతాయి బాబూ, అమ్మాయిగారు ఊరుకోరు” అన్నాడు. అమ్మాయినే పిలిచి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఆ కుర్రాడి అట్టముక్కను అద్దం మీద పెట్టించి, వీధి చివర వస్తున్న వాళ్ళ నాన్నని చూడమన్నాను. అది ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ తల తిప్పి, కారు దిగి, “డిక్కీ మీదే వెయ్యండి, రంగు మాత్రం బంగారం రంగు” అంది.